చొక్కా మీది నీలం

మద్రాసు,
14 మార్చి 1946

ప్రియమైన నాయనమ్మకు,

నీ మనవడు ఏసోబు నమస్కరించి రాసేది. క్షేమంగా చేరాను. నువ్వు కట్టిచ్చిన నువ్వుల లడ్లు గూడూరు దాటకముందే అయిపోయాయి. ఎదురుగా కూర్చున్నవాళ్ల మొహాలు చూస్తూ ఒక్కణ్ణే తినలేకపోయాను, తిట్టకు.

అయినా ఆ ఎదురుగా కూర్చున్నవాళ్లే నాకు అదృష్టం తెచ్చారు. శివరాత్రి మర్నాడు మన ఊళ్లో రైలెక్కానా, పెట్టెనిండా కోటప్పకొండ తిరునాళ్ల నుంచి తిరిగొస్తున్న జనమే. అందరి నోటా ఒకటే మాట. ముందు రోజు రాత్రి కొండ కింద ఆడిన నాటకంలో కృష్ణుడు హార్మోనీ వాయించే ముసలాయన మీద పడ్డాడట. ఆయన నేలకూలాడట. కృష్ణుడు స్టేజీ దూకి పారిపోయాడట. కృష్ణుడి వేషం ఎవరిదని అడిగితే, "ఇంకెవరిది, గురజాల సుభానీది" అన్నారు.

నాటకాలంటే మీ మిషనువాళ్లకు గిట్టదు గనక చెబుతున్నాను. సుభానీ పద్యం పాడితే గ్రామఫోను ప్లేట్లు సంతలో వంకాయల్లా పోతాయి. ఇక్కడ కాఫీ హోటళ్లలో కూడా ఆయన గొంతే. అంతటివాడు ఒక ముసలాణ్ణి కొట్టి పారిపోయాడంటే అంతకంటే వార్త ఏముంటుంది? దిగిన రోజే రాసిచ్చాను. మా "తెరవెనుక" వారపత్రిక ఎడిటరుగారు శీర్షిక తానే పెట్టారు, "కృష్ణుడి వేషంలో కంసుడు" అని. మొదటి పేజీ, నాయనమ్మా! రాసినవాడి పేరు "నిప్పురవ్వ" అని వేశారు. అది నేనే. ప్రతులు మధ్యాహ్నానికే చెల్లిపోయాయి. దీన్ని వదలకుండా పట్టుకుంటే నన్ను సహాయ సంపాదకుణ్ణి చేస్తామన్నారు.

ఒక ప్రతి పంపుతున్నాను. సాయంత్రం మన అరుగు మీద అందరికీ చదివి వినిపించు. నిప్పురవ్వ అంటే నీ మనవడేనని చివర్లో చెప్పు, ముందు చెప్పకు.

నీ ప్రేమగల మనవడు,
ఏసోబు


నరసరావుపేట,
27 మార్చి 1946

నా ప్రియమైన నిప్పురవ్వకు,

మీ నాయనమ్మ హన్నమ్మ ఆశీర్వదించి రాసేది. బాప్తిస్మం రోజున పాస్టరుగారి చేతుల్లో నువ్వు పెట్టిన ఏడుపు ఇంకా నా చెవుల్లో ఉంది. అంత గొడవపడి పెట్టిన పేరు వదిలేసి నిప్పురవ్వవయ్యావు. సంతోషం. మన వీధిలో సగం ఇళ్లు గడ్డికప్పువని మాత్రం గుర్తుంచుకో.

నువ్వు చెప్పినట్టే చదివి వినిపించాను. అరుగు మీదికి ఎప్పుడూ వచ్చేవాళ్లే వచ్చారు. ముప్పై ఏళ్లు ఆడపిల్లలకు అక్షరాలు నేర్పి పెన్షను పుచ్చుకున్నా, ఈ వీధికి నేనింకా పంతులమ్మనే. పత్రిక నేను చదవాలి, వాళ్లు వినాలి. అంటే వాళ్లు నమ్మేది నా గొంతులోంచి పోవాలన్నమాట. ఆ సంగతి ఇన్నేళ్లూ ఆలోచించలేదు, నీ వ్యాసం చదువుతుంటే తట్టింది.

సోడాల జక్కయ్య ఆ రాత్రి కొండ కింద సోడాలు అమ్ముతూ అక్కడే ఉన్నాడు. నేను చదవకముందు అడిగితే, "ఎవురో కృష్ణుడు ఆయన మీదికి వొంగాడు పంతులమ్మగారూ. ఎవురో పరిగెత్తారు. నా గోళీసోడాల బండికాడ జనం తోసుకుంటుంటే నేనేం జూశా?" అన్నాడు. చదివాక మాత్రం గడ్డం గోక్కుంటూ, "సుభానీయే అయ్యుంటాడులే. అచ్చులో పడ్డాక అబద్ధమెట్టయిద్ది?" అన్నాడు. నువ్వే రాశావని చెప్పేసరికి అందరూ నాకు అభినందనలు చెప్పి పోయారు. నాకేమో తోటకూర దొంగిలించిన పిల్లాడికి బహుమతి ఇచ్చినట్టుంది.

ఆ హార్మోనీ ముసలాయన మన మిషను ఆసుపత్రిలోనే ఉన్నాడు. పేరు త్రికోటేశ్వరరావు. కుడిపక్కంతా పడిపోయింది, మాట లేదు. నర్సు సుందరి చెబితే గంజి తీసుకెళ్లి చూసి వచ్చాను. కళ్లు మాత్రం బాగా తిరుగుతున్నాయి. పరీక్షలో జవాబు తెలిసీ చెయ్యెత్తనివ్వని పిల్లవాడిలా చూస్తాడు.

ఇంకొక కబురు. పత్రిక రాకముందే, నువ్వుండే ముందు గదిలో ఒకరిని ఉంచాను. పేరు అబ్దుల్ రహీం. ఆ ముసలాయన దగ్గర సంగీతం నేర్చుకున్నాడట, ఆసుపత్రిలో సేవచేస్తూ వరండాలో పడుకుంటున్నాడు. హార్మోనీలు బాగుచేయడం వచ్చునన్నాడు. మన చర్చి హార్మోనీ బాగయ్యేవరకు ఉండమన్నాను. ఆ హార్మోనీ సంగతి నీకు తెలుసు కదా, ప్రభువు రెండో రాకడ వరకూ పట్టవచ్చు. మనిషి సన్నగా, మొహాన స్ఫోటకం మచ్చలు, ముక్కు మీద కళ్లజోడు. ఆరిపోయిన బీడీలాగుంటాడు. నీ నవారు మంచం మీద పడుకుంటున్నాడు, కోపం తెచ్చుకోకు.

ఒక్కమాట అడుగుతాను. ఆ మాట వినగానే రైలు దిగి కొండ దాకా బండి కట్టించుకుని పోయి ఉంటే ఎంత దూరం నాయనా? ఆసుపత్రయితే మన ఇంటికి కూతవేటు దూరం. పళ్లపొడీ కరివేపాకు పొడీ పంపుతున్నాను. రెండూ కలిపేసుకోకు, రంగొకటే.

నీ నాయనమ్మ,
హన్నమ్మ


మద్రాసు,
20 మే 1946

ప్రియమైన నాయనమ్మకు,

పొడులు అందాయి. మొదటి రోజు కరివేపాకుతోనే పళ్లు తోముకున్నాను.

ఉత్తరం ఆలస్యమైంది. ఊపిరాడని పని. ఇప్పటికి సుభానీ మీద వరుసగా రాశాను, ప్రతివారం పత్రిక పెరుగుతోంది. జిల్లాల నుంచి సంచులకొద్దీ ఉత్తరాలు వస్తున్నాయి. అందరూ ఆ రాత్రి కళ్లారా చూసినవాళ్లే. ఒకాయన సుభానీ పిడికిలి బిగించడం చూశాడట. ఒకావిడ ముసలాయన కేక విన్నదట. ఎడ్లపాడు నుంచి ఒక కరణంగారు సుభానీకి చిన్నప్పటి నుంచీ కోపమెక్కువని రాశారు. ఇంతమంది ఒకటే మాట చెబుతుంటే నేనెందుకు అనుమానించాలి?

ఇంకో పెద్ద సంగతి. ముసలాయన చొక్కా మీద నీలం రంగు వేళ్ల గుర్తులున్నాయట. నీలం ఎవరి చేతికుంటుంది? కృష్ణుడి వేషంవాడికే. సఫేదాలో నీలిమందు కలిపి మొహానికీ చేతులకూ పూస్తారు కదా. "మెడ పట్టి నులిమిన నీలి వేళ్లు" అని శీర్షిక పెట్టాం. పక్కన సుభానీ కృష్ణుడి వేషంలో ఉన్న ఫొటో. చూసినవాళ్లకు ఒళ్లు జలదరించిందట.

సుభానీ ఇప్పుడు పరారీలో ఉన్నాడు. బొంబాయిలో చూశామని ఒకరు, కొలంబో ఓడెక్కాడని ఒకరు రాశారు. రెండూ వేశాం. గ్రామఫోను కంపెనీ ఆయన ప్లేట్లు వెనక్కి తీసుకుంది. తప్పు చేయకపోతే ఎందుకు పారిపోతాడు, నువ్వే చెప్పు?

దసరాలోగా నా ఉద్యోగం ఖాయమవుతుంది. అప్పుడు నిన్ను మద్రాసు తీసుకొచ్చి సముద్రం చూపిస్తాను.

నీ మనవడు,
ఏసోబు

తా.క. ఆ హార్మోనీ ఆయన నా మంచం నవారు తెంపకుండా చూడు.


నరసరావుపేట,
9 జూన్ 1946

ప్రియమైన మనవడా,

సముద్రం ఎక్కడికీ పోదు, నిదానంగా చూద్దాం. ముందు జక్కయ్య సంగతి విను.

మొదటివారం అతను చూసింది "ఎవురో కృష్ణుణ్ణి". రెండోవారం నీ వ్యాసం విన్నాక సుభానీని పక్కనుంచి చూశాడు. ఫొటో వేశావు చూడు, ఆ వారం ఎదురుగా మొహంలో మొహం పెట్టి చూశాడు. మొన్న మెడ నులమడం చదివాక, "నేనే చెయ్యి పట్టుకుని ఆపబోయాను. నన్ను గూడా తోసేశాడు. ఇదిగో మోచెయ్యి గీసుకుపోయింది" అని చొక్కా చెయ్యి మడిచి చూపించాడు. ఆ గాయం తన సోడాబండి చక్రం తగిలి అయిందని కిందటేడు నాకు తానే చెప్పాడు. జక్కయ్య అబద్ధాలాడే మనిషి కాడురా. అప్పు పెట్టిన సోడా తానే మరిచిపోయేంత మంచివాడు. నిజంగానే చూశాననుకుంటున్నాడు. నువ్వు మద్రాసులో రాస్తుంటే అతను ఇక్కడ గుర్తు తెచ్చుకుంటున్నాడు. నీకొచ్చే సంచుల్లో ఎంతమంది జక్కయ్యలున్నారో చూసుకో.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఆ నాటకంలో కృష్ణులు ఎంతమంది?

నువ్వు నవ్వుతావని తెలుసు. నువ్వు మిషను కాంపౌండులో పెరిగావు. రాత్రి నాటకానికి పోతే కాళ్లు విరగ్గొడతానని చెప్పి పెంచాను, నువ్వు మాట విన్నావు. బుద్ధిమంతుడివి కావడం నీకిప్పుడు చేటయింది. ఈ జిల్లాలో ఏ చిన్నపిల్లవాణ్ణడిగినా చెబుతాడు. కాంట్రాక్టరు తలా ఒక ఊరి నుంచి నటులను పోగుచేసి ఆడించే కాంట్రాక్టు నాటకంలో కృష్ణుడు ఒక్కడుండడు. మొదటి రంగానికి ఒకడు, రాయబారానికి మరొకడు, యుద్ధరంగానికి ఇంకొకడు. పేరున్నవాణ్ణి రాయబారానికే పిలుస్తారు, ఆ పద్యాలకే జనం వచ్చేది. ఆ రంగం కాగానే అతని పని అయిపోయినట్టే. నాకెలా తెలుసంటావా? ఏటా చవితి పందిరి మన కాంపౌండు గోడ అవతలే వేస్తారు. నేను నాటకం చూడలేదు. చెవులు మూసుకుని పడుకోవాలని బైబిల్లో ఎక్కడా లేదు. మొదట్లో రంగానికో గొంతు వినబడితే పాపం కృష్ణుడికి జలుబు చేసిందనుకునేదాన్ని.

జక్కయ్యకూ తెలుసు, అరుగు మీద అందరికీ తెలుసు. మరి నువ్వు ఒక్క కృష్ణుడే అన్నట్టు రాస్తే ఎవరైనా అడిగారా? లేదు. కళ్లతో చూసినదానికీ అచ్చులో చదివినదానికీ తేడా వస్తే వాళ్లు కళ్లను దిద్దుకున్నారు.

సుభానీ భార్య మాబున్నీసా గురజాలలో ఉంది. వాళ్ల ఇంటిమీద రాళ్లు పడ్డాయట, పిల్లలను వీధి కుళాయి దగ్గరికి రానివ్వడం లేదట. దసరా నాటకాల బేరాలు వినాయక చవితికి కుదురుతాయి. ఆ బేరాలే ఏడాదంతా వాళ్లు తినే తిండి. ఈలోగా ఈ మచ్చ పోకపోతే సుభానీ అనే పాటగాడు ఉండడు. ఇది నీ ఉద్యోగం కంటే ముందు ఆలోచించాల్సిన సంగతి.

త్రికోటేశ్వరరావుగారు కొంచెం మెరుగు. మాట ఇంకా లేదు. కానీ రహీం రోజూ పక్కన కూర్చుని సన్నగా రాగం తీస్తుంటే మొన్న శ్రుతి కలిపాడు. మాట్లాడలేని మనిషి పాడుతున్నాడు, డాక్టరమ్మగారే ఆశ్చర్యపోయింది. రహీం మొహం తిప్పుకుని కళ్లజోడు తుడుచుకున్నాడు.

నీ మంచం భద్రం.

నాయనమ్మ


మద్రాసు,
24 జూన్ 1946

నాయనమ్మకు,

నీ ఉత్తరం చదివి బాధపడ్డాను. అందరూ మెచ్చుకుంటుంటే నువ్వొక్కదానివే హెడ్‌మిస్ట్రెస్‌లాగా ఎర్రసిరా తీస్తున్నావు.

ముగ్గురు కృష్ణులుంటే ఉండనీ. మా ఎడిటరుగారికి చూపించాను, "జనానికి ముగ్గురు అక్కర్లేదు, ఒకడు చాలు" అన్నారు. చొక్కా సంగతికి నీ దగ్గర జవాబేది? మెడ దగ్గర నీలి వేళ్లు అబద్ధం చెప్పవు కదా. మనుషులు మరిచిపోతారు, గుడ్డ మరిచిపోదు.

ఆ కుటుంబం సంగతికి నాకూ మనసు కష్టంగానే ఉంది. రాళ్లు వేయమని నేను రాయలేదు.

ఏసోబు


నరసరావుపేట,
8 జూలై 1946

ప్రియమైన ఏసోబుకు,

గుడ్డ మరిచిపోదన్నావు. నీ వ్యాసాలన్నిటిలో నాకు నచ్చిన వాక్యం ఇదే, అది ఉత్తరంలో రాసినా సరే.

అందుకే ఆ చొక్కానే పార్శిలు చేస్తున్నాను. సుందరి ఆసుపత్రి మూటలోంచి తీసిచ్చింది, ఉతకనివ్వలేదు. ముసలాయనకు చూపించి అడిగాను. ఎడమచేత్తో తీసుకుపొమ్మన్నట్టు చూపాడు.

మెడ దగ్గర చూడు. తరవాత నీలం ఎక్కడుందో అక్కడ చూడు. ఆయన్ను ఆసుపత్రికి తెచ్చినవాడి చేతులు మోచేతుల దాకా నీలంగా ఉన్నాయని సుందరి చెబుతోంది. పారిపోయినవాడు ఆసుపత్రికెలా వస్తాడో నువ్వే ఆలోచించు.

నేనింకేమీ రాయను. కోప్పడ్డానని అనుకోకు. నీ చిన్నప్పుడు లెక్క తప్పు చేస్తే జవాబు చెప్పేదాన్ని కాదు గుర్తుందా? పలక తిరిగి ఇచ్చేదాన్ని.

గోంగూర పచ్చడి జాడీ విడిగా చుట్టాను. చొక్కాకు నూనె అంటకూడదు.

నీ నాయనమ్మ


మద్రాసు,
19 ఆగస్టు 1946

నా ప్రియమైన నాయనమ్మకు,

ఇన్నాళ్లూ ఉత్తరం రాయడానికి మొహం చెల్లలేదు.

చొక్కా విప్పి చూశాను. మెడ శుభ్రంగా ఉంది, చెమట మరక తప్ప ఏమీ లేదు. నీలం రెండు చంకల కింద ఉంది. వీపు మీద అరచెయ్యి వెడల్పున ఉంది. "మెడ" అని నాకెవరు చెప్పారా అని కాగితాలన్నీ తిరగేశాను. ఎవరూ చెప్పలేదు. మాకు వచ్చిన కబురు "చొక్కా మీద నీలం వేళ్ల గుర్తులు" అని మాత్రమే. మెడ నేను పెట్టాను. వాక్యం బాగా వస్తుందని పెట్టాను.

అయినా మొండితనం పోలేదు. అచ్చాఫీసులో నీలం సిరా చేతులకు పూసుకుని, మా కంపోజిటరు హబీబును కింద పడుకోమన్నాను. ఆయన, "నెల ఆఖరికి జీతం బదులు ఇదా?" అంటూనే పడుకున్నాడు. మెడ పట్టుకుని చూశాను. తోసి చూశాను. చివరికి చంకల కింద చేతులు వేసి ఎత్తుకుని నాలుగు అడుగులు నడిచాను. ఆయన చొక్కానూ, నువ్వు పంపినదాన్నీ పక్కపక్కన పరిచాను. "కొట్టినవాడు కాదు బాబూ, మోసినవాడు" అన్నాడు హబీబు.

పరుగెత్తిన కృష్ణుడొకడు, మోసిన కృష్ణుడొకడు. ఇద్దరినీ కలిపి నేనొక దుర్మార్గుణ్ణి తయారుచేశాను.

అదంతా రాసి, నిప్పురవ్వ కొట్టేసి నా పేరుతో ఎడిటరుగారికిచ్చాను. చదివి నవ్వి సొరుగులో వేశారు. మూడు వారాలు రోజూ పోయి ఆయన బల్ల ముందు నిలబడ్డాను. చివరికి వేశారు, ఆఖరి పేజీలో, తలనూనె ప్రకటన కింద నాలుగు పంక్తులు. ఆ సాయంత్రమే నన్ను రావద్దన్నారు. హబీబు మాట సాయంతో ఒక పాఠ్యపుస్తకాల ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతున్నాను. ఇతరుల తప్పులు దిద్దే పని, నాకు తగిందే.

ఆ నాలుగు పంక్తులు పంపుతున్నాను. అరుగు మీద చదువు. సుభానీ ఎక్కడున్నాడో నాకు తెలియదు. తెలిస్తే వెళ్లి కాళ్లమీద పడేవాణ్ణి. చవితి దగ్గరకొచ్చింది. ఆలస్యమైపోయిందా నాయనమ్మా?

నీ ఏసోబు


నరసరావుపేట,
5 సెప్టెంబరు 1946

నా ప్రియమైన ఏసోబుకు,

నీ పేరు నీ చేతిరాతలో మళ్లీ చూసి నీ నాయనమ్మ ఆశీర్వదించి రాసేది. ఉద్యోగం పోయిందని దిగులు పడకు. నీ నాలుగు పంక్తులను రెండుసార్లు చదివాను, ఒక్క అనవసరమైన మాట లేదు. నీకు రాయడం ఇప్పుడే వచ్చింది.

ఇక ఫలితం విను. అరుగు మీద గట్టిగా చదివాను. అంతా విన్నారు. జక్కయ్య నిట్టూర్చి, "పాపం, పిల్లోడికి ఎంత డబ్బు ముట్టజెప్పారో ఏందో" అన్నాడు. మిగతావాళ్లు తలలూపారు. నువ్వు మొదటి పేజీలో ఊరికే రాసింది నిజమట. ఉద్యోగం పోగొట్టుకుని ఆఖరి పేజీలో రాసింది అమ్ముడుపోయి రాసిందట. పత్రిక మూసి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. చదువు చెప్పినదాన్నయి ఉండీ, చదువుతో ఈ ముడి విప్పలేనని అప్పుడు తెలిసింది. అచ్చు వేసిన ముడి అచ్చుతో ఊడదు. వీళ్లు కళ్లను దిద్దుకున్నారు కదా, ఆ కళ్లకే పని చెప్పాలి.

అప్పటికి త్రికోటేశ్వరరావుగారికి మాట కాస్త వచ్చింది. ఎవరు కొట్టారని అడిగితే విసుగ్గా చూసి, "ఎవురూ కొట్టలా. పడ్డా" అన్నాడు. యుద్ధరంగం పద్యానికి వాయిస్తూ వాయిస్తూ పక్షవాతం వచ్చి హార్మోనీ మీదికి ఒరిగిపోయాడు. జరిగింది అంతే. చవితి పందిట్లో నాటకం ఉందని చెప్పి, ఒక్క పద్యానికి వాయిస్తారా అన్నాను. ఎడమచెయ్యి ఎత్తి వేళ్లు ఆడించాడు.

కాంట్రాక్టరును పిలిచి, నాటకానికి ముందు స్టేజీ కాసేపు నాకివ్వాలని నా షరతు చెప్పాను. అతని కూతుళ్లిద్దరూ నా దగ్గర చదివినవాళ్లే గనక కాదనలేదు. చవితినాడు దీపాలు పెట్టేవేళకు గోడ ఇవతలి నుంచి అవతలికి వెళ్లాను, నా జన్మలో మొదటిసారి. పాస్టరుగారు ఎదురొచ్చి, "హన్నమ్మగారూ, ఎక్కడికి?" అన్నారు. "సాక్ష్యం చెప్పడానికి" అన్నాను. ఆయన దాన్ని వేరేగా అర్థం చేసుకుని దీవించి పంపారు.

నాటకం మొదలుకాకముందు ముగ్గురు కృష్ణులనూ పూర్తి వేషాలతో వరసగా నిలబెట్టించాను. నీలం మొహాలు, నెమలి పింఛాలు, పట్టు ఉత్తరీయాలు. పక్కన త్రికోటేశ్వరరావుగారు కుర్చీలో కూర్చుని ఎడమచెయ్యి హార్మోనీ మీద పెట్టుకున్నారు. ఆయన కాలు ఆడదు గనక రహీం కింద కూర్చుని తొక్కుడు పలకలు తొక్కుతున్నాడు. నేను స్టేజీ ఎక్కేసరికి పందిరంతా సర్దుకుని కూర్చుంది. సగంమంది నా చేతి బెత్తం ఎరిగినవాళ్లే.

"సుభానీ పట్టుబడ్డాడు. ఈ స్టేజీ మీదే ఉన్నాడు" అన్నాను. "జక్కయ్యా, నువ్వు మొహంలో మొహం పెట్టి చూశావు. పైకొచ్చి చూపించు."

జక్కయ్య వచ్చాడు. ఒక్కొక్కరినీ ఎగాదిగా చూశాడు. నడిమివాడి మీద వేలు పెట్టి, "ఈయనే. ఈ కళ్లు నేను మర్చిపోతానా?" అన్నాడు. పందిట్లోంచి ఎవరో ఎడమవాడన్నారు. ఆడవాళ్ల వైపు నుంచి కాదు కుడివాడేనన్నారు. కాసేపట్లో పందిరి మూడు పార్టీలయింది. పత్రికలో ఫొటో కూడా తెచ్చుకున్నాడొకడు. దానితో పోల్చి చూస్తే ముగ్గురూ సుభానీలే.

నడిమివాడు పింఛం తీసేశాడు. "నేను దాచేపల్లి బడిపంతుల్ని. ఆరోజు పరిగెత్తింది నేనే. నా పద్యం మధ్యలో మనిషి ఒరిగిపోయేసరికి చచ్చిపోయాడనుకుని భయమేసింది." ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడిగాను. "అడిగిందెవరమ్మా?" అన్నాడు. నీకూ నాకూ కలిపి తగిలిందిరా ఆ మాట.

అప్పుడు త్రికోటేశ్వరరావుగారు ఎడమచేత్తో శ్రుతి పట్టారు. కింద కూర్చున్న రహీం, కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుని, తొక్కడం ఆపకుండానే రాయబారం పద్యం ఎత్తుకున్నాడు. మొదటి పాదం సగంలో ఉండగానే జనం లేచి నిలబడ్డారు. ఆ గొంతు వాళ్లకు తెలుసు. మొహమే తెలియదు. నీలం పూసుకోని సుభానీని ఈ ఊళ్లో ఎవరూ ఎన్నడూ చూడలేదు. వేసవంతా, వానలంతా, రోజూ సాయంత్రం మన అరుగు చివర హార్మోనీ తిత్తులు అతుక్కుంటూ కూర్చుని, తాను కొలంబో ఓడెక్కిన వార్త నా నోటనే విన్నాడు. సుభానీ వేదిక పేరు, అబ్దుల్ రహీం తల్లి పెట్టిన పేరు. ఆ రాత్రి నీలం చేతులతో గురువును ఆసుపత్రికి మోసుకొచ్చింది ఆయనే.

నాకెప్పుడు తెలిసిందంటావా? ఆసుపత్రిలో మొదటిసారి రాగం తీసినరోజే. ఇన్నేళ్లూ గోడ అవతల నుంచి విన్న రెండో కృష్ణుడి గొంతు నాకు తెలియదా? నీకెందుకు చెప్పలేదో కూడా చెబుతాను. అప్పుడు చెబితే "పట్టుబడ్డ కంసుడు" అని మొదటి పేజీ వేసేవాడివి, జక్కయ్యే ముందు కర్ర పట్టుకొచ్చేవాడు. నువ్వు చొక్కా చూసినరోజున చెబుదామనుకున్నాను. నీ ఉత్తరం వచ్చేసరికి చవితి దగ్గరపడింది, ఎదురుగా చెబుదామని ఆగాను. ఎందుకు నోరు విప్పరని ఒకసారి రహీంను అడిగాను. "నేను కోర్టుల చుట్టూ తిరిగితే గురువుగారికి గంజి ఎవరు పడతారమ్మా?" అన్నాడు.

పద్యం అయ్యాక జక్కయ్య వెక్కివెక్కి ఏడ్చి ఆయన చేతిలో సోడా పెట్టాడు. మర్నాడు అరుగు మీద, "నేను మొదట్నుంచీ అంటానే ఉన్నా, ఎవురో కృష్ణుడని" అన్నాడు. కాదనలేకపోయాను, నిజంగానే అన్నాడు కదా. దసరా బేరాలు ఆ పందిట్లోనే కుదిరాయి. అన్ని ఊళ్లూ కాదు. ఎడ్లపాడువాళ్లు ఇంకా వద్దంటున్నారు, వాళ్ల దగ్గర కరణంగారున్నారు. ప్లేట్ల కంపెనీ నుంచి కబురు లేదు. నువ్వు ఒక్కరోజులో రాసింది తుడవడానికి ఆయన ఊరూరా తిరిగి పాడాలి. అది ఆయన బాకీ కాదు, అయినా ఆయనే తీరుస్తున్నాడు.

నిప్పురవ్వ ఎవరో ఆయనకు తెలుసు. మొదటిరోజే నేనే చదివి చివర్లో చెప్పాను కదా, నువ్వు చెప్పమన్నట్టే. ఆ సాయంత్రం అన్నం పెడుతూ, వెళ్లిపోతారా అని అడిగాను. "పిల్లవాడు బాగానే రాశాడమ్మా, విషయం తెలిసుంటే ఇంకా బాగా రాసేవాడు" అని మజ్జిగ పోయించుకున్నాడు. కాళ్లమీద పడతానన్నావు. ఆయనకు ఇష్టముండదు. దసరాకు గురజాలలో ఆడుతున్నాడు, నిన్ను రమ్మన్నాడు. ముందు వరసలో కూర్చుని ముగ్గురు కృష్ణులనూ లెక్కపెట్టుకో. నేనూ వస్తాను. కాళ్లు విరగ్గొట్టేవాళ్లెవరూ ఇప్పుడు లేరు.

మొన్న ఉదయం మాబున్నీసా బండి తెచ్చి ఆయన్నూ గురువుగారినీ తీసుకుపోయింది. చర్చి హార్మోనీ పలుకుతోంది, ఒక్క మెట్టు మాత్రం ఇంకా మూలుగుతుంది. బొంబాయిలో, కొలంబోలో నువ్వు వెతికించిన మనిషి ఇన్నాళ్లూ నీ మంచం మీదే పడుకున్నాడురా. పోయేముందు పొద్దున్నే లేచి, సాగిపోయిన నవారంతా విప్పి, మళ్లీ బిగించి అల్లి పోయాడు. నువ్వు వచ్చి పడుకుంటే తెలుస్తుంది.

నీ కోసం చూసే
నాయనమ్మ